డాబా గదిలో బూజు పట్టిన చంద్రుడు

మీ ఇంట్లో టీవీ రిమోట్‌కి కొన్ననాటి ప్లాస్టిక్ కవర్ ఇంకా ఉందా, లేదా? నిజం చెప్పండి. ఆ రోజుల్లో నన్నెవరైనా ఇలా అడిగితే పొంగిపోయి, ఉందనే చెప్పేవాణ్ణి. కవర్ తీయకపోవడమే జాగ్రత్త అని నమ్మిన కాలం అది. (నమ్మిన అనే మాట చూశారా? మూఢనమ్మకాల మీద రోజూ ఎవరో ఒకరితో వాదన పెట్టుకునే నాకు ఆ మాట వాడటానికి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.)

హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టర్‌గా చేరిన కొత్త. ఎవరు ఏం చెప్పినా నమ్మకుండా పరీక్షించి చూడటమే నా ఉద్యోగం. కొత్తగూడలో మూడో అంతస్తులో ఒంటిగది కిరాయికి తీసుకుని, మొదటి బోనస్‌తో ఆరంగుళాల అద్దమున్న టెలిస్కోపు కొన్నాను. గదిలో అది పడుకుంటే నేను నిలబడాలి. అందుకే డాబా మీది లిఫ్టు గదిలో పెట్టాను. ఏసీ లేదు, హీటరు లేదు, బయట ఎంత చల్లగా ఉంటే లోపలా అంతే. టెలిస్కోపుకి అదే మంచిది, బయటికి తెచ్చాక అద్దం చల్లబడే దాకా ఆగక్కర్లేదు. గది ఎంపికలో నా తప్పేమీ లేదని ఇప్పటికీ ఎవరితోనైనా వాదిస్తాను.

పెట్టిన రోజే ఓనరమ్మ పైకి వచ్చింది. "ఏంది బిడ్డా, ఫిరంగి తెచ్చినవా?" అంటూనే గొట్టానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. కొత్త సామానుకి అలవాటట! నేను అరగంట ఉపన్యాసమిచ్చి, ఆమె ఎదుటే ఆ బొట్టు తుడిచేశాను. అంతటితో ఆగానా? గ్రహణం పూట ఆమె పచ్చి మంచినీళ్లు కూడా ముట్టదని తెలిసి సవాలు విసిరాను. "ఈసారి గ్రహణానికి సాయంత్రం అందరం డాబా మీదే మిరపకాయ బజ్జీలు తిందామండీ. చంద్రుణ్ణి మింగేది పాము కాదు, భూమి నీడేనని మీ కళ్లకే చూపిస్తాను." ఆమె నవ్వి, "సక్కగ చూపిస్తే నేనూ ఒకటి తింట, తియ్యి" అంది. ఒక్క బజ్జీ! నా దృష్టిలో అది ఒక యుగం మారడంతో సమానం.

వానాకాలం మొదట్లో ఓ సాయంత్రం చూస్తుండగానే తుంపర పడింది. హడావిడిగా లోపలికి లాగి, మూత బిగించి, పెద్ద ప్లాస్టిక్ కవర్ తొడిగి, గాలి చొరకుండా చుట్టూ టేపు వేశాను. లోపల తేమ పీల్చే పొట్లాలు పదకొండు. (అన్నీ పాత బూట్ల డబ్బాల్లోంచి ఏరినవే. పీల్చాల్సిన తేమంతా ఎప్పుడో పీల్చేసి రిటైరైనవి.) ఆరేసిన బట్టలు తీయడానికొచ్చిన ఓనరమ్మ చూసి, "తడి ఆరినంక మూత పెట్టు బిడ్డా. పచ్చడి జాడీకైనా గంతే" అంది. "ఇది పచ్చడి కాదండీ, సైన్సు" అన్నాను. తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

వానలు వెనకపట్టాక గ్రహణం వచ్చింది. డాబా మీద జనం, పళ్లెం నిండా బజ్జీలు. టేపు విప్పగానే నానిన గోనెసంచి వాసన. ఓనరమ్మ కన్ను పెట్టి చూసింది, తల ఎత్తి ఆకాశం చూసింది, మళ్లీ కన్ను పెట్టింది. "ఏంది బిడ్డా, గిది గ్రహణమా, బూజా? ఉత్త కంటికి మంచిగనే అవుపడుతుంది. నీ గొట్టంలనే చంద్రునికి బూజు పట్టింది!" అందరూ ఒకటే నవ్వు. అద్దం మీద సాలెగూడులాంటి తెల్లటి బూజు. అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట వినండి: "ఆ రోజు మీరు పెట్టిన కుంకుమ వల్లేనండీ!" ఆమె తాపీగా అంది: "బయట గొట్టానికి పెట్టిన. గదీ నువ్వు తుడిసేసినవు. తుడిసిన బొట్టు నడుసుకుంట లోపలి అద్దం మీదికి పోయిందా? జర సోచాయించి చెప్పు."

సాక్ష్యం, తర్కం రెండూ ఆమెవే. మరి నా దగ్గరున్నవి? టేపు, కవరు, పదకొండు పొట్లాలు. అవి పనిచేస్తాయో లేదో ఒక్కసారైనా పరీక్షించని టెస్టరు కట్టిన తాయెత్తులు! బజ్జీ పళ్లెం ఆమె దాకా వెళ్లి, అలాగే తిరిగొచ్చింది. ఇప్పటికీ గ్రహణం పూట ఆమె ఏమీ ముట్టదు. నాకు మండేది ఆమె మీద కాదు. గెలవాల్సిన వాదనని మూరెడు ప్లాస్టిక్‌కి తాకట్టు పెట్టిన ఆ కుర్రాడి మీద. పాపం, టేపు ఎంత శ్రద్ధగా వేశాడో!

మీరు మాత్రం ఇది చదివి నవ్వి ఊరుకోకండి. మీ డాబా మీదా ఇలాంటి టెలిస్కోపు ఉంటే ఇప్పుడే లేచి పైకి వెళ్లండి. ఆ కవర్ చించి పారేయండి, మూత తీసి గాలికి పూర్తిగా ఆరనివ్వండి, తర్వాతే మూత పెట్టి నూలు గుడ్డ కప్పండి. బజ్జీల సంగతి ఆ తర్వాత మాట్లాడండి.