సుందరి సిస్టర్ గొంతు

మచిలీపట్నం పక్కన గిలకలదిండిలో చేపలమ్మే మరియమ్మ ఒక్క కేక వేస్తే మూడు వీధులకు వినబడేది. అలాంటి తల్లికి పుట్టిన సుందరి మాట్లాడితే మాత్రం పక్కన కూర్చున్న మనిషి కూడా చెవి ఒగ్గాలి. అది పుట్టుకతో వచ్చిన గొంతు కాదు, సౌదీలోని రియాద్ నగరం చేసిన గొంతు. పదకొండేళ్లుగా ఆమె నర్సుగా ఉన్నది నెలలు నిండకుండా పుట్టిన పసికందుల వార్డులో. గాజు పెట్టెల్లో పడుకున్న ఆ అరచేతంత పిల్లలు, పక్కన ఎవరైనా తుమ్మినా ఉలిక్కిపడతారు. ఇంటికొస్తే శుక్రవారం ప్రార్థన, అదీ చాటుగానే; ఆ దేశంలో క్రైస్తవులు బయటికి వినబడేలా ఆరాధన చేసుకోకూడదు. రెండు గదుల ఇంట్లో కర్టెన్లు దించేసి, టీవీలో కార్టూను సౌండు పెంచి, ఆరేడుగురు చాప మీద కూర్చుని పెదవులతోనే పాడుకునేవారు. ఎవరూ వచ్చి ఏమీ అన్నది లేదు. అనలేదని భయం ఊరుకుంటుందా?

ఆ భయానికి ఒక పేరు కూడా ఉంది, మదార్బీ. పై అంతస్తులో ఉంటుంది, రాయచోటి మనిషి. కింద అరబ్బు కుటుంబం ఉన్నా సుందరికి దిగుల్లేదు, వాళ్లకు మాట అర్థం కాదు. మదార్బీకి ప్రతి ముక్కా అర్థమవుతుంది. పైగా ఆమె భర్తా, బిల్డింగు వాచ్‌మనూ కలిసే మసీదుకు వెళ్తారు. అందుకని ఆ ఇంట్లో ఉన్న ఏడేళ్లలో మెట్ల మీద ఎదురైనప్పుడల్లా సుందరి ఒక నవ్వు నవ్వి తప్పుకునేది. పరాయి దేశంలో పక్కింట్లో తెలుగు మనిషి దొరికితే పండగ చేసుకోవాల్సింది పోయి, ఈవిడ దాక్కునేది.

2018 వచ్చేసరికి అసలు కష్టం మొదలైంది. భర్త నోయెల్ ఏసీలు బాగుచేసే ఒక చిన్న కంపెనీలో ఉన్నాడు. సౌదీవాళ్లు ఉండాల్సినంతమంది లేరని, స్థానికులకు ఉద్యోగాలివ్వాలనే నితాఖత్ లెక్కలో ఆ కంపెనీ ఎరుపులో పడింది. ఎరుపులో పడ్డాక పనివాళ్ల ఇఖామాలు, అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డులు, రెన్యూ కావు. నోయెల్‌ది మార్చి నెలాఖరుతో సరి. తొమ్మిదేళ్ల కూతురు వీణ ఉన్నది అతని ఇఖామా మీదే. కుటుంబంలో తలకింత అని కట్టే లెవీ భారమై చుట్టుపక్కల ఇళ్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. సుందరి ఒక్కతే తన ఆసుపత్రి హాస్టల్లో ఉండిపోవచ్చు, కానీ మొగుడూ బిడ్డా ఒకచోట, తానొకచోట ఎన్నాళ్లు? ఐర్లాండులో ఉద్యోగం దొరికితే కొన్ని నెలలకు ఇద్దర్నీ అక్కడికి పిలిపించుకోవచ్చు. వేరే దారి ఆమెకు కనబడలేదు.

జనవరిలో రీ-ఎంట్రీ వీసా కొట్టించుకుని డబ్లిన్ వెళ్లి, నర్సుల పరీక్ష రాసి పాసైంది. ఆ తర్వాత బస్సెక్కి బాలిన్‌రో అనే ఊరు చేరింది. సముద్రానికి దగ్గర్లో ఉన్న చిన్న సంత ఊరది. అక్కడి వృద్ధుల ఆశ్రమం వాళ్లు, ఉద్యోగం ఇచ్చే ముందు రెండు రోజులు వచ్చి ఉండి పని చూసి వెళ్లమన్నారు.

ఆమె వెళ్లింది గురువారం, సంత రోజు. ఊరంతా కలిపి ఒకటే పొడుగాటి వీధి, దాని చివర ఏటవాలు మైదానం. సన్నటి తుంపరలోనే వ్యాన్లు వెనక తలుపులు తెరిచి మట్టి వదలని బంగాళాదుంపలు, రబ్బరు బూట్లు, బోనుల్లో కోడిపెట్టలు అమ్ముతున్నాయి. సముద్రం కనబడదు గానీ గాలిలో ఉప్పు తెలుస్తోంది. సుందరి వీణ కోసం ఒక కొట్లో ఊలు టోపీ చూస్తుండగా పన్నెండు గంటలకు చర్చి గంట మోగింది. నమాజు వేళకు షట్టర్లు పడే ఊళ్లో పదకొండేళ్లున్న మనిషి కదా, ఇక కొట్టు మూసేస్తారనుకుని టోపీ అక్కడే పెట్టేసి గబగబా బయటికి వచ్చేసింది. ఎవరూ ఏదీ మూయలేదు. కొట్టామె టోపీ పట్టుకుని వెనకాలే వచ్చింది. సుందరికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మధ్యాహ్నం ఆశ్రమం పెద్ద నర్సు నూలా ఆమెకు ఒక ముసలాయన్ని అప్పగించింది. పేరు టియర్నీ. నలభై ఏళ్లు ఆ ఊరి సంతలో పశువుల వేలంపాట పాడిన మనిషి. ఇప్పుడు చెవులు సరిగా పనిచేయవు. సుందరి మాత్రలు చేతిలో పెట్టి, భోజనం తర్వాతే వేసుకోవాలని మూడుసార్లు చెప్పింది. ఆయన మూడుసార్లూ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, చివరికి మాత్రలు తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు. సంతలో గుసగుసలాడితే ఎవరు కొంటారమ్మాయీ అన్నాడు. కోపంగా కాదు, జాలిగా. ఆ మాట తన తల్లి అన్నట్టే అనిపించి సుందరికి కళ్లు చెమర్చాయి.

మర్నాడు శుక్రవారం. తనకిచ్చిన గదిలో సుందరి కర్టెన్లు దించి, మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేసుకుంటుంటే, పట్టపగలు కర్టెన్లు దించిందంటే ఒంట్లో బాగాలేదేమోనని పనిమనిషి టీ పట్టుకొచ్చింది. బయల్దేరే ముందు నూలా ఉన్నదున్నట్టు చెప్పింది. చేతులు బంగారం, మనసూ మంచిది, కానీ ఇక్కడివాళ్లంతా ఎనభై దాటినవాళ్లు, నీ మాట ఎవరికీ అందడంలేదు. మూడు వారాల తర్వాత శుక్రవారం మీ రియాద్ టైము సాయంత్రం ఐదింటికి వీడియో కాల్ చేస్తాను, పక్కన టియర్నీ ఉంటాడు. ఆయనకు వినబడితే ఉద్యోగం కాగితం పంపిస్తాను, లేకపోతే ఇంకొకరిని చూసుకుంటానంది.

రియాద్ తిరిగొచ్చాక రోజూ అదే బెంగ. గట్టిగా మాట్లాడ్డం కూడా ఒక పరీక్షేనా అని నోయెల్ నవ్వబోయి, ఆమె మొహం చూసి మానేశాడు. ఇంట్లో అరిస్తే మదార్బీకి వినబడుతుందని, కంపెనీ పికప్‌లో అద్దాలెత్తి రింగు రోడ్డు మీద తిప్పుతూ, ఇంకొంచెం, ఇంకొంచెం అని నేర్పేవాడు. కాస్త గొంతు లేచేసరికి సిగ్నల్ దగ్గర పక్క కారతను తిరిగి చూసేవాడు. అంతే, ఆ గొంతు మళ్లీ అడుక్కి దిగిపోయేది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. సుందరికి నోరు పెగిలితే గానీ ఊరే దొరకదు.

ఆ శుక్రవారం రానే వచ్చింది. నూలా ఐదింటికని చెప్పింది కాబట్టి మధ్యాహ్నం రెండింటి ప్రార్థన మామూలుగానే పెట్టుకున్నారు. ప్రార్థన నడిపించే రత్నరాజు వాక్యం చదివి, పాట అందుకున్నారు. రెండో చరణంలో ఉండగా ఫోను మోగింది. నూలా. ఇక్కడింకా భోజనాలు కాలేదు, భోజనం తర్వాత ఈయన నిద్రపోతాడు, అందుకే ఇప్పుడే చేశానంది. పక్కన టియర్నీ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

ఒళ్లో బైబిళ్లతో ఆరుగురు ఆమెనే చూస్తున్నారు. పక్క గదిలోకి పోయినా గోడ అదే, మెట్ల మీదికి పోతే మరీ ప్రమాదం. గట్టిగా మాట్లాడితే బిల్డింగంతా ఈ ఇంటివైపు తిరుగుతుంది, మాట్లాడకపోతే మార్చి తర్వాత ఈ ఇల్లే ఉండదు. ఆమె మెల్లగా గుడాఫ్టర్నూన్ అంది. తెరమీద టియర్నీ తల అడ్డంగా ఊపాడు.

రత్నరాజు గారు పుస్తకం మూశారు.

"మాట్లాడమ్మా. వచ్చేది వస్తుంది," అన్నారు.

సుందరి లేచి నిలబడింది. గిలకలదిండిలో తల్లి తట్ట తలకెత్తుకునే ముందు ఊపిరి ఎలా పీల్చేదో అలా పీల్చింది. మిస్టర్ టియర్నీ, రెండు మాత్రలు, భోజనం తర్వాత, ముందు కాదు అని ఒక్క కేక వేసింది. గొంతు కింద ఎక్కడో ఇన్నేళ్లుగా పడున్నదేదో లేచి వచ్చింది. వీణ చెవులు మూసుకుంది. టియర్నీ చెయ్యి చెవి దగ్గర్నుంచి మెల్లగా దించి, వేలంపాటలో బేరం ఖాయం చేసినట్టు అరచేత్తో బల్ల మీద ఒక్కటి కొట్టాడు. నూలా నవ్వి, సోమవారం కాగితం పంపిస్తానని ఫోను పెట్టేసింది.

సంతోషపడే తీరిక ఎవరికీ దొరకలేదు. పైన తలుపు తెరుచుకుంది. మెట్ల మీద అడుగులు దిగి వచ్చి వీళ్ల గుమ్మం ముందు ఆగాయి. తలుపు టకటకా కొట్టారు. నోయెల్ చేతికందిన బైబిళ్లు సోఫా దిండు కింద తోశాడు, ఒకరు చాప చుట్టేశారు. సుందరే వెళ్లి తలుపు తీసింది.

ఎదురుగా మదార్బీ. కుడిచేతి వేళ్లకు ఇంకా అన్నం మెతుకులున్నాయి.

"ఏమ్మా సుందరీ, పాపకేమన్నా అయిందా? నువ్వట్లా అరిస్తే గుండె అదిరిపాయ, అన్నం కాడ లేసి వచ్చినా."

ఏం కాలేదు, ఫోనులో మాట్లాడానని సుందరి తడబడుతూ చెప్పింది. మదార్బీ కుదుటపడి లోపలికి చూసింది. దిండు కిందినుంచి బయటికొచ్చిన బైబిలు అంచు చూసింది, చుట్టిన చాప చూసింది, గోడకు అంటుకుపోయి నిలబడ్డ మనుషుల్ని చూసింది.

"ఏడేండ్లుగా పైన్నే ఉండాము. శుక్రవారం మీ పాటలు సన్నగా ఇనపడతాయి గానీ, నీ గొంతు ఇట్లా ఎప్పుడూ ఇనలేదే," అంది.

ఏడేళ్ల కర్టెన్లు, ఏడేళ్ల కార్టూన్లు. అన్నీ ఈమెకు తెలుసు.

"వచ్చే నెల మేము ఎగ్జిట్ కొట్టించుకోని ఊరికి పోతాండాం, లెవీ కట్టలేక. అందుకే చెప్తాండా, ఏమనుకోవద్దు. ఆ టీవీ రవంత తగ్గించండమ్మా, పాట సగం ఇనపడకుండా పోతాంది."

అలా చెప్పి ఆమె అన్నం దగ్గరికి మెట్లెక్కి వెళ్లిపోయింది. వీణ వెళ్లి టీవీ ఆపేసింది. రత్నరాజు గారు చాప పరిపించి, పాట ఆపినచోట మళ్లీ అందుకున్నారు. అందరూ కలిశారు, ఒక్క సుందరి తప్ప. ఆమె నోరు తెరిచింది గానీ, ఏడుపు అడ్డం పడి గొంతు రాలేదు.