జీపెక్కిన వెల్డింగు

పెద్దల్లుడుగారికి లోకంలోని ప్రతి వస్తువూ ఊగుతున్నట్టే కనిపించేది. కుర్చీ కానివ్వండి, నిచ్చెన కానివ్వండి, వీధి గేటు కానివ్వండి, ఆయన దానిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ కదిపేవారు, చెవి ఆనించేవారు, కనుబొమలు పైకెత్తేవారు. ఆ పైన ఒక్కటే మాట.

"ఊగుతోంది!"

నాడి చూసి రోగం పేరు చెప్పే వైద్యుడు కూడా అంత గంభీరంగా చెప్పడు. పోనీ, చెప్పి ఊరుకునే మనిషా అంటే, కాదు. ఆ వస్తువును తలకిందులు చేసి, ఇనుప కాళ్ల దగ్గరి అతుకును వేలితో తడిమి, "ఇది అతుకా, పిట్ట రెట్టా?" అని ఆ పని చేసిన అజ్ఞాత వ్యక్తిని నాలుగు దులిపి, దానిని తన పెరటి షెడ్డుకు మోసుకుపోయి వెల్డింగు చేసి తెచ్చి ఇచ్చేదాకా ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆ ఇంటికి ఇద్దరల్లుళ్లు. పెద్దల్లుడుగారు రోడ్లు వేసే కంపెనీలో యంత్రాల షెడ్డుకు పెద్దగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవారు. చిన్నల్లుడు బడిలో వ్యాకరణం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న మాస్టారు. ఒకరికి అతుకు ప్రాణం. మరొకరికి సంధి ప్రాణం. నిజానికి రెండూ ఒకటేనని మాస్టారి అభిప్రాయం. సంధి అంటే మాత్రం ఏమిటి, రెండు మాటలను అతుకు కనబడకుండా అతకడమే కదా! అయితే ఈ మాట ఆయన తోడల్లుడితో ఎన్నడూ అనలేదు. అంటే, తన సంధులు కూడా ఊగుతున్నాయంటారేమోనని భయం.

ఆ భయానికి కారణాలున్నాయి. మాస్టారి వీడ్కోలు సభలో ముఖ్య అతిథి కూర్చోబోతుండగా పెద్దల్లుడుగారు కింది వరుసలోంచి లేచి, మెట్లెక్కి, వేదిక మీదికి వచ్చేశారు.

"ఆగండి సార్. ఊగుతోంది."

"ఏది? వేదికా?" అని ముఖ్య అతిథి బెదిరిపోయాడు.

"వేదిక సంగతి తరువాత చూద్దాం. ముందు ఈ కుర్చీ."

కుర్చీ షెడ్డుకు పోయింది. మరో కుర్చీ తెప్పిస్తే అదీ ఊగింది. ముఖ్య అతిథి విధిలేక నిలబడే ప్రసంగించాడు. కాళ్లు లాగడంతో తొందరగానే ముగించాడు. ఆ బడి చరిత్రలో అంత క్లుప్తమైన ప్రసంగం మరొకటి లేదని సభికులు పెద్దల్లుడుగారిని మనసారా దీవించారు. మాస్టారికి మాత్రం తలకొట్టేసినట్టయింది.

పళ్ల డాక్టరు దగ్గర జరిగింది ఇంకా చిత్రం. పెద్దల్లుడుగారు నోరు తెరుచుకుని పడుకున్నారు. డాక్టరమ్మ తన స్టూలు మీద కూర్చుని అద్దం లోపల పెట్టింది. ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఊగుతోందమ్మా."

"అవునండీ, నాకూ అలాగే అనిపించింది. పై దవడ పన్నే కదా?"

"పన్ను కాదు తల్లీ, నీ స్టూలు! లే ముందు, పడతావు."

పన్ను అలాగే ఉండిపోయింది. స్టూలు బాగుపడింది.

ఇంతటి మనిషికి ఒకే ఒక్క దిగులు ఉండేది. ఊగే వస్తువు ఒకచోట, కరెంటు మరొకచోట. కొండదారుల్లో జీపేసుకుని తిరగడం ఆయనకు సరదా. ఆ దారుల్లో ఎక్కడైనా విరిగిన బండి కనబడితే, షెడ్డు గుర్తుకు వచ్చి చేతులు పిసుక్కునేవారు. చివరికి ఒకనాడు నిశ్చయించుకున్నారు. వస్తువు షెడ్డుకు రాలేనప్పుడు షెడ్డే వస్తువు దగ్గరికి పోవాలి. వెల్డింగు జీపెక్కాలి.

ఇందులో మాయేమీ లేదు. ఇంజను తిరిగితే బెల్టు తిరుగుతుంది. బెల్టు తిరిగితే డైనమో తిరుగుతుంది. డైనమో కరెంటు పుట్టిస్తుంది. దీపాలకూ బ్యాటరీకీ ఒకటి ఉండనే ఉంది. అతుకుల కోసం ఇంకాస్త పెద్దది, రెండోది, ఇంజనుకు తగిలించాలి. చిక్కల్లా చోటుతోనే. బానెట్టు ఎత్తి చూస్తే చెయ్యి దూరే సందు లేదు, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటా ఏసీ తాలూకు సామాను కూర్చుని ఉంది.

మరునాడు వదినగారు, అంటే పెద్దల్లుడుగారి భార్య, జీపెక్కి మీట నొక్కింది. గాలి రాలేదు.

"ఏమండీ, ఏసీ ఏదీ?"

"అటక మీద భద్రంగా ఉంది."

"అటక మీద ఎవరు కూర్చుంటారు?"

ఆయన బానెట్టు కిందికి తల దూర్చేశారు. ఆవిడ చెల్లెలికి ఫోను చేసింది. "చూశావటే మీ బావగారి నిర్వాకం! చల్లగాలి వేసేదాన్ని పీకేసి నిప్పులు కక్కేదాన్ని పెట్టుకున్నారు. ఎవరైనా వింటే నవ్విపోతారే!" చెల్లెలు మాస్టారికి చెప్పింది. మాస్టారు నిజంగానే నవ్వారు.

మొదటిసారి బిగించినప్పుడు డైనమో చక్రమూ ఇంజను చక్రమూ ఒకే వరుసలో నిలవలేదు. బెల్టు పిల్లిలా కీచుమని, ఎగిరి బానెట్టును లోపలినుంచి ఒక్క చరుపు చరిచింది. ఎదురింటాయన బనియనుతో బయటికి పరిగెత్తుకొచ్చాడు. పెద్దల్లుడుగారు చలించలేదు, డైనమోను పట్టి ఉంచే ఇనుప పట్టీని విప్పారు, రుద్దారు, మళ్లీ బిగించారు. కొంతకాలానికి జీపు ముందు బంపరుకు బొటనవేలు లావు తీగల చుట్టలు రెండు వేలాడాయి. చెమ్మ తగలకుండా వెల్డింగు రాడ్లు మూతగొట్టంలో చేరాయి. నల్లద్దం ముసుగు వెనక సీటులో, మునుపు వదినగారు కూర్చునే చోట, ప్రయాణికురాలిలా కూర్చుంది.

"ఎలా ఉంది మాస్టారూ?"

"సమాసంలా ఉందన్నయ్యగారూ. అర్థమే బోధపడటం లేదు," అన్నారు మాస్టారు.

ఇక్కడ మాస్టారి పుస్తకాల సంగతి చెప్పాలి. ఆయన జీవితమంతా పోగుచేసిన పుస్తకాలు ఒక గది నిండా ఉండేవి. కొండమీది బడికి వాటిని ఇచ్చేస్తానని ఆయన మాట ఇచ్చారు. ఆ బడిలో ఖాళీగదికి అలమరలు కూడా చేయించారు. అయితే కొండకు రోడ్డు వేస్తున్న కాంట్రాక్టరు ఆ గది మీద కన్నేశాడు. సిమెంటు బస్తాలు పెట్టుకుంటానన్నాడు. ఫలానా రోజు సాయంత్రం బడి వదిలేలోపు పుస్తకాలు చేరకపోతే గది అతనికే ఇచ్చేస్తామని కమిటీవాళ్లు తేల్చిచెప్పారు. లారీ ఎక్కే దారి కాదది. పెద్దల్లుడుగారి జీపే గతి. దాని వెనక అద్దెకు తెచ్చిన ట్రైలరే గతి.

పెద్దల్లుడుగారు వచ్చేసరికి మాస్టారు ట్రైలరు నింపేశారు. ఎలా నింపారనుకున్నారు? శాస్త్రవరుసలో! జీపు వైపున, అన్నిటికన్నా ముందు, వ్యాకరణాలూ నిఘంటువులూ. వాటి వెనక శాస్త్రగ్రంథాలు. ఆ వెనక కావ్యాలు. చిట్టచివర, గాలికి ఎగిరిపోయేంత తేలికగా, కథల పుస్తకాలు. పెద్దల్లుడుగారు ట్రైలరును జీపుకు కలిపే ఇనుప దూలాన్ని పట్టుకుని కదిపారు. చెవి ఆనించారు.

"ఊగుతోంది."

"మీకు ఊగనిదేముంది అన్నయ్యగారూ!"

"బరువంతా ముందుకు పడింది. ఈ లావు పుస్తకాలను కొన్ని వెనక్కి సర్దండి."

"నిఘంటువును కథల మధ్య పెట్టమంటారా?" అని మాస్టారు నొచ్చుకున్నారు. "వరుస చెడితే అక్కడ మళ్లీ మొదటినుంచి సర్దాలి. సాయంత్రంలోగా అవుతుందా? పదండి, పదండి!"

భారమంతా పూర్వపదం మీద వేసిన సమాసం ఎంత దూరం పోతుంది? సగం కొండ ఎక్కేసరికి వెనకనుంచి ఫెళ్లుమంది. దిగి చూస్తే దూలం ముప్పావు వంతు చీలి, ట్రైలరు మూతి నేలకు వంగి ఉంది. ఒక పక్క లోయ. పైన మబ్బు కమ్ముకొస్తోంది. ట్రైలరుకు కప్పినది చిల్లుల పరదా. కనుచూపు మేరలో కరెంటు స్తంభం లేదు. మాస్టారు ఆ చిల్లుల మీద చేతులు అడ్డం పెట్టారు. జీవితమంతా కొన్న పుస్తకాలు వానపాలు. వాటి గది సిమెంటుపాలు.

పెద్దల్లుడుగారి ముఖం మాత్రం పెళ్లికొడుకు ముఖంలా వెలిగిపోతోంది.

"మాస్టారూ! ఇంతకన్నా మంచిచోట విరగదు. పదండి!"

మూతి కింద జాకీ పెట్టి దూలాన్ని సరి ఎత్తుకు లేపారు. జీపును పక్కకు తెచ్చి, చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, తీగలు విప్పారు. తుప్పు గీకి, చీలిక మీద వేయడానికి ఇనుప పట్టీ తీశారు.

"మీరు వెళ్లి స్టీరింగు ముందు కూర్చోండి."

"నాకు నడపడం రాదు కదండీ!"

"నడపొద్దు. గేరులో లేదు. ఎక్సలేటరు నొక్కి ఉంచండి చాలు. ఇంజను ఒకే వేగంతో తిరగాలి. తగ్గిందా, రాడ్డు ఇనుముకు అతుక్కుపోతుంది. పెరిగిందా, దూలానికి కన్నం పడుతుంది."

"మామూలుగా ఈ పని ఎవరు చేస్తారు?"

"ఇటుక. ఇవాళ ఇంటి దగ్గర మరిచిపోయాను."

ఒక అక్షరం ఉండవలసిన చోట, దానిని తోసేసి మరొక అక్షరం వచ్చి కూర్చుంటే వ్యాకరణంలో ఆదేశం అంటారు. ఇటుక స్థానంలో తాను ఆదేశంగా వచ్చానని మాస్టారికి అర్థమైంది. వినయంగా కూర్చుని నొక్కారు. ఇంజను గర్జించింది. అవతల నీలిమంట చిటపటలాడింది. ఎలా వెలుగుతోందో చూద్దామని మాస్టారు ఒక్క క్షణం తల తిప్పారో లేదో, కాలు సడలింది, చిటపట ఆగింది.

"మాస్టారూ! యతి తప్పారు!" అని ముసుగులోంచి కేక. "రాడ్డు అతుక్కుంది!"

"క్షమించాలి, క్షమించాలి!"

"ఇటుక అయితే తల తిప్పేది కాదు!"

మాస్టారు పట్టుదలతో మళ్లీ నొక్కారు. మనసులో ఒక ఉత్పలమాల అందుకుని పాదం సడలకుండా చదువుకున్నారు. రెండో పద్యంలో పడ్డాక ఆయనకు ఒక వింత స్ఫురించింది. తాను ముందుకు వాలితే సీటు ముందుకు వస్తోంది. వెనక్కి వాలితే వెనక్కి పోతోంది. కిందికి చేయి పోనిచ్చి తడిమారు. సీటు చట్రం కాలు విరిగి ఉంది. కొత్తగా విరిగింది కాదు; విరిగినచోట అంచులు అరిగి నున్నబడ్డాయి కూడా.

"అన్నయ్యగారూ!" అని మాస్టారు ఇంజను మోతను మించి అరిచారు. తరువాతి మాట జీవితంలో మొదటిసారి ఆయన నోట వచ్చింది. "ఊగుతోంది!"

పెద్దల్లుడుగారు ముసుగు ఎత్తి కంగారుగా చూశారు. "ఏది? దూలమా?"

"మీ సీటండీ! మీరు కూర్చునే సీటు!"

"ఓ, అదా," అని ఆయన ముసుగు దించేసుకున్నారు. "అది నాదే కదా. తరువాత చూసుకోవచ్చు. మీరు నొక్కండి."

మాస్టారు నొక్కుతూనే ఆలోచనలో పడ్డారు. ముఖ్య అతిథి కుర్చీ, డాక్టరమ్మ స్టూలు, అత్తగారి మంచం, ఎదురింటి గేటు. ఈ మహానుభావుడు తాను కూర్చోబోయేదాన్ని కదిపి చూడటం ఎవరైనా ఎప్పుడైనా చూశారా?

దూలం చల్లారింది. పెద్దల్లుడుగారు పైన గట్టిపడిన పొక్కును సుత్తితో రాలగొట్టారు. కింద చేపపొలుసుల్లా వరుసదీరిన అతుకు మెరిసింది. పుస్తకాల వరుస చెడగొట్టి నిఘంటువులను వెనక్కి సర్దుతూ మాస్టారు మెల్లగా అడిగారు.

"ఈ వెల్డింగు అంతా జీపులో ఎందుకు పెట్టారన్నయ్యగారూ?"

"మీరు ఈ పుస్తకాల ఊసెత్తిన రోజే అనుకున్నాను. ఈ దారి నాకు తెలుసు. మీ సర్దుడూ నాకు తెలుసు."

"మరి పాపం, వదినగారి ఏసీ..."

"బెల్టు కొనుక్కొచ్చింది ఆవిడే. తిట్టడం వేరే విషయం."

జీపు బడి ఆవరణలోకి హారను మోగించుకుంటూ వచ్చేసరికి సిమెంటు బస్తాల గాడిదలు గేటు దగ్గరే ఉన్నాయి. పిల్లలు కేరింతలు కొడుతూ ట్రైలరు మీద పడ్డారు. కథలు ముందు పోయాయో, వ్యాకరణం ముందు పోయిందో ఎవరూ చూడలేదు. ఆఖరి పుస్తకం గుమ్మం దాటాక వాన దబదబా కురిసింది. నిండిన అలమరలను కాంట్రాక్టరు మనిషి కిటికీలోంచి చూసి, గొడుగు విప్పుకుని, గాడిదలను వెనక్కి మళ్లించాడు. బడి పెద్ద పంతులమ్మ, "మాస్టారూ, గెలిచారు!" అంది. మాస్టారు తోడల్లుడి నల్లబడిన చేతిని పట్టుకుని, సభలో బహుమతి చూపినట్టు పైకెత్తారు.

వాన వెలిశాక మాస్టారు ఒక పట్టు పట్టారు. డ్రైవరు సీటు ఊడదీయించారు. దాని కింద డీజిలు ట్యాంకు ఉంది కనుక దూరంగా, వరండాలోకి మోయించారు. ఈసారి ఎక్సలేటరు మీద బడివాళ్ల ఇటుక కూర్చుంది.

"ఇటివ్వండి ఆ ముసుగు. ఈ ఒక్కటీ నేను అతుకుతాను."

"మాస్టారూ, మీకు రాదు."

"రాకపోతే చెప్పండి. జీవితమంతా నేను చేసింది అదే కదా, రానివాళ్లకు చెప్పడం!"

పెద్దల్లుడుగారు చెప్పారు. మాస్టారు అతికారు. రాడ్డు అతుక్కుంది, ఊడింది, నిప్పురవ్వలు ఆయన పంచెకు చిల్లులు పెట్టాయి. చివరికి తేలింది నిఖార్సయిన పిట్ట రెట్ట. పైగా కాలు వంకరగా అతుక్కుని సీటు ఎడమ పక్కకు ఒరిగిపోయింది. పెద్దల్లుడుగారు దానిని బిగించుకుని, ఎక్కి కూర్చుని, ఆ ఒరుగుతోనే కొండ దిగారు. దారి పొడవునా దాని గురించి పల్లెత్తు మాట అనలేదు.

ఆ సీటు నేటికీ అలాగే ఉంది. సరిచేస్తామని షెడ్డుకు వచ్చినవాళ్లు ఎవరైనా ముందుకు వస్తే, "చెయ్యి వేశారంటే ఊరుకోను! మా తోడల్లుడు వేసిన అతుకది!" అని కసురుతారు. ఎదురుగా వచ్చేవాళ్లకు మాత్రం, జీపు నడిపే ఆ పెద్దమనిషి పక్కసీటు వైపు ఒరిగి, చెవి ఒగ్గి, ఏదో శ్రద్ధగా వింటున్నట్టు కనిపిస్తుంది. చాలాసార్లు అది నిజమే. ఆ సీటులో మాస్టారు కూర్చుని, బహువ్రీహికీ తత్పురుషకూ తేడా మొదటినుంచి చెబుతూ ఉంటారు.