గెలిచినవాళ్ల లోచో

మొన్న ఆదివారం నాన్న లోచో పొట్లం విప్పగానే ఆవిరి మీద ఉడికిన శనగపిండి, దాని మీద పోసిన నూనె, చల్లిన మసాలా కారం, పచ్చి ఉల్లిపాయ ముక్కలు, అన్నీ కలిసిన వాసన ఇల్లంతా పరుచుకుంది. అది నన్ను సూరత్ లింబాయత్‌లోని మా పాత గల్లీకి, కరోనా మూడోసారి విరుచుకుపడ్డ చలికాలానికి లాక్కుపోయింది.

అప్పుడు నేను ఎనిమిదో తరగతి. నాన్న, ఎదురింటి ధన్‌సుఖ్ కాకా ఒకే షెడ్డులో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, బట్ట నేసేవాళ్లు. ఇద్దరికీ కబడ్డీ పిచ్చి. నాన్నది తెలుగు జట్టు, కాకాది గుజరాత్ జట్టు. సూరత్‌లో పుట్టిన నాకు రెండూ మావే అనిపించేవి గానీ, ఆ మాట నాన్న ముందు అంటే ఇంకేమైనా ఉందా! మావాడు కూతకు వెళ్తే నాన్న తనూ ఊపిరి బిగబట్టేవాడు, పట్టుబడితే టీవీని తిట్టేవాడు, ఓడితే చిన్నపిల్లాడిలా కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. వాళ్లిద్దరి మధ్యా ఒకటే కట్టుబాటు: గెలిచిన జట్టువాళ్లు ఓడినవాళ్లకు తినబెట్టాలి. మేం గెలిస్తే అమ్మ గిన్నెకు అద్ది కాల్చిన సర్వపిండి, నువ్వుల కమ్మదనంతో, పొగలు కక్కుతూ వాళ్లింటికి వెళ్లేది. వాళ్లు గెలిస్తే కాకా భార్య, మా కాకీ, చేసిన లోచో మాకు. "జర మెల్లగ తిను భాయ్, ఓడినోళ్ల గొంతుల ఇరుకుతది" అని నాన్న ఏడిపిస్తే, ఇన్నేళ్ల సావాసంలో తెలుగు వంటబట్టిన కాకా నవ్వుతూ ఇంకో ముక్క తుంచుకునేవాడు.

ఆ జనవరిలో, చూసేవాళ్లు లేని మైదానంలో ఆటలు జరుగుతుండగా, కాకాకు జ్వరం తగిలింది. మేడ మీది గదిలో ఒక్కడినే ఉంచారు. టీవీ కింద ఉండిపోయింది. ఫోనులో రెండు మాటలంటే చాలు, దగ్గు తెర. "కుఛ్ నహీ ఖాతే, భాయ్" అని కాకీ మా గుమ్మానికి దూరంగా నిలబడి, కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మెతుకు ముట్టక మనిషి ఏమైపోతాడోనని అందరికీ భయం.

ఆ సాయంత్రమే ఆ రెండు జట్లకూ పోటీ. నాన్న టీవీని కిటికీ దగ్గరికి జరిపాడు. సాంచాల మోతలో మాట వినపడదు కాబట్టి షెడ్డులో అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు: పోగు తెగితే ఒక సైగ, సేఠ్ వస్తుంటే ఒక సైగ, తిండి వేళయితే వేళ్లు నోటి దగ్గరికి. ఆ సైగలతోనే నాన్న ఆటంతా కాకాకు చెప్పాడు. పోగు తెగిందంటే ఆటగాడు ఔటు. కాకా దుప్పటి కప్పుకుని, మేడ కిటికీ ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు.

చివరి కూతకు పాయింట్లు సమానం. మావాడు వెళ్లాడు, దొరికిపోయాడు. అమ్మా నేనూ నాన్న మొహంలోకి చూశాం. కళ్లు నిండిపోయాయి పాపం. అయినా కిటికీ వైపు తిరిగి, పోగు తెగిందని చూపి, తన గుండె మీద వేలు పెట్టుకున్నాడు. ఆ తర్వాత కాకాకేసి చూస్తూ, గుజరాత్ కోసం, తన తొడ తానే ఫట్టుమని చరుచుకున్నాడు. 

కాకా నవ్వాడు, దగ్గాడు, మళ్లీ నవ్వాడు. మమ్మల్ని చూపి వేళ్లు నోటి దగ్గర పెట్టాడు: నేను తినబెట్టాలి. నాన్న తల అడ్డంగా ఊపి, అదే సైగ తిప్పి కొట్టాడు: ముందు నువ్వు తిను.

"గెలిచినోడే సస్తే నాకు లోచో ఎవడు పెడ్తడే!" అన్నాడు అమ్మతో, ముక్కు తుడుచుకుంటూ.

కాసేపటికి కాకా, నాన్నకు కనిపించేలా ఆ కిటికీలోనే నిలబడి, ఖిచిడీ తిన్నాడు. ఒళ్లు కుదుటపడ్డాక లోచో తనే మోసుకొచ్చాడు. ఎంత రుచిగా ఉందో!

ఆ షెడ్డు మూతపడింది. నాన్న ఇప్పుడు జోల్వాలో పనికి వెళ్తున్నాడు, చెవులు బాగా మందగించాయి. కాకా నిరుడు గుండెపోటుతో పోయాడు. కాకీ ఇల్లమ్ముకుని, సచిన్ అనే ఊళ్లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్లిపోయింది.

"ఈ లోచో ఏంది నాన్నా?" అని గట్టిగా అడిగాను.

"నిన్న మనోళ్ల మీద గుజరాత్ గెలిచింది బిడ్డా. పెట్టెటోడు లేడాయె. ఆయన దిక్కుకెంచి నేనే తెచ్చిన."

పొట్లం నా ముందుకు జరిపి, వేళ్లు నోటి దగ్గరికి తీసుకెళ్లి తినమని సైగ చేశాడు.