ఎడ్లకు సెలవు రోజున జైనూరుకు

మా చెల్లెలు శాంతకు రక్తం ఏడుకు పడిపోయిందనీ, నెల రోజులు పని ముట్టకూడదనీ ఉట్నూరు డాక్టర్ చెప్పి అప్పటికి ఇరవై మూడు రోజులు. ఫోన్ చేసినప్పుడల్లా "కలుపు అయిపోనీ అక్కా" అనేది, తర్వాత "మందు ఏసుడు అయిపోనీ" అనేది. ముప్పై నాలుగేళ్ళు నర్సుగా చేసినదాన్ని. ఏడు అంటే భారం గుండె మీద పడుతుందని నాకు తెలుసు. పొలాల అమావాస్యనాడు ఎడ్లకు కాడి కట్టరు, చేను పని ఉండదు. ఆ రోజైతే ఆమెను కరీంనగర్ తీసుకురావడం సులువని లెక్క వేసి ముందురోజే బయలుదేరాను.

దారిలో ప్రతి టైమూ డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఉదయం 6.10కి కరీంనగర్‌లో ఆదిలాబాద్ బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు ఛార్జీ లేదు. 7.25కు జగిత్యాలలో ఒక ముసలాయన పెద్ద మూటతో ఎక్కాడు. మూట నిండా ఎడ్ల గంటలు, కొమ్ములకు రంగులు.

"సాలుకు ఒక్క దినం ఎడ్లకు చుట్టీ అమ్మా. మాకు గా ఒక్క దినమే గిరాకీ," అన్నాడు.

"మరి మీకు సెలవు ఎప్పుడు?"

"పైకి పోయినంక అల్లా ఇస్తడు. ఫికర్ లేదు."

జన్నారం దాటాక అడవి, ఫోన్ పలకదు. 11.05కు ఉట్నూరు. అక్కడి నుంచి జైనూరుకు ఆటోలో ముప్పావు గంట.

సాయంత్రం శాంత భర్త, మా మరిది మల్లయ్య ఎడ్ల మెడమీద కాడి ఒరుసుకున్న చోట పసుపూ వెన్నా కలిపి రుద్దుతున్నాడు. మహారాష్ట్ర పక్కనే కాబట్టి ఈ ఆచారం ఇక్కడా ఉంది. రుద్దాక ఒక్కో ఎద్దు చెవిలో, "రేపు పని లేదు, తిననీకి రా," అని పిలిచాడు.

"మల్లయ్యా, శాంతకు ఎప్పుడు పని లేదు?" అని అడిగాను.

"నేను వద్దంటినా వదినా? ఆమెనే ఇనదు."

లోపలి నుంచి శాంత అంది: "నేను పోతే ఎడ్లకు కుడితి ఎవ్వలు పెడ్తరు? మా అక్క డైరీ పెడ్తదా?"

నా లెక్క తప్పని తెల్లవారాక తెలిసింది. ఆ రోజు సెలవు ఎడ్లకే. వాటికీ చుట్టాలకూ పోలెలు, అదే బొబ్బట్లు, చేయాల్సింది ఆడవాళ్ళు. నేను లేచేసరికి 4.40. శాంత అప్పటికే శనగపప్పు ఉడికించి బెల్లం దంచుతోంది. పక్కన కూర్చుని పూర్ణం ఉండలు నేను చేశాను. ఎనభై రెండు. పొయ్యి దగ్గర నుంచి మాత్రం ఆమె లేవలేదు.

సాయంత్రం 5.20కి ఎడ్లు ఊరేగి వాకిట్లోకి వచ్చాయి. కాళ్ళు కడగడానికి శాంత చెంబుతో వంగింది, మళ్ళీ నిలబడలేకపోయింది. గోడకు ఆనించి నాడి చూశాను. నూట పద్దెనిమిది. పెదవులు తెల్లబడ్డాయి.

మల్లయ్య పలుపు కొయ్యకు కట్టి చెంబు అందుకున్నాడు. ఎడ్ల కాళ్ళు తనే కడిగి, పళ్ళెం తీసుకుని హారతి ఇచ్చాడు. అక్కడ అది ఆడవాళ్ళ పని. "సూడుండ్రే, మల్లయ్య హారతి పడుతుండు!" అని పక్కింటావిడ నవ్వింది. అతను పట్టించుకోలేదు. పోలెలు ఎడ్ల నోటికి అందించి, వచ్చి శాంత ముందు గొంతుకూర్చున్నాడు.

"శాంతా, రేపు పని లేదు. మీ అక్కింటికి తిననీకి పో."

"నన్ను ఎద్దును చేసినవా?"

"ఎద్దుకైన సాలుకో దినం ఇచ్చిన. నీకు గది గూడ ఇయ్యలే."



మర్నాడు 8.15కు జైనూరులో బస్సు. సంచి అతనే మోసుకొచ్చాడు. "పత్తి ఏరుడు మొదలయ్యేదాక పంపకు వదినా," అని సంచి నాకు అందించాడు. 9.50కి ఉట్నూరులో కరీంనగర్ బస్సు దొరికింది. కిటికీ సీటు శాంతకు ఇచ్చాను. అడవి మొదలయ్యేటప్పుడు, "కుడితిల ఉప్పేసిండో లేదో," అంది. కాసేపటికి తల నా భుజం మీద వాలింది. 10.35.

లక్సెట్టిపేటలో బస్సు పది నిమిషాలు ఆగుతుంది, చాయ్ బాగుంటుంది. అక్కడి నుంచి గోదావరి వంతెన ఎన్నింటికి దాటామో, జగిత్యాలలో ఎంతసేపు ఆగామో ఈ దారిన వెళ్ళేవారికి నేను చెప్పలేను. డైరీలో ఆ గీతలు ఖాళీగా ఉన్నాయి. "కరీంనగర్ అచ్చింది, లేవుండ్రమ్మా," అని కండక్టర్ తట్టి లేపింది మా ఇద్దరినీ.