చీమ మేస్త్రి కట్టిన వంటగది

వడ్రంగుల్లో ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి ఉంటుంది. ఒకడికి నగిషీల పిచ్చి, ఇంకొకడికి మెరుగు పిచ్చి. చీమ మేస్త్రికి మాత్రం సందు అంటే గిట్టదు. తలుపుకీ చట్రానికీ మధ్యన, అలమరకీ గోడకీ మధ్యన వెలుతురు కనిపించిందంటే తన పరువంతా అందులోంచి కారిపోతున్నట్టు గిలగిలలాడిపోతాడు. పని ముగిశాక చేతులు దులుపుకుని, "ఇక చూస్కోండి, చీమ కూడా దూరదు" అంటాడు. ఆ మాట అనీ అనీ చివరికి ఆ చీమే అతని పేరై కూర్చుంది. అందుకతను నొచ్చుకోడు సరికదా, ఫోనెత్తితే తనే "చీమ మేస్త్రిని మాట్లాడుతున్నా" అంటాడు.

అతన్ని పెంచింది అక్క. తల్లి పోయేనాటికి అతను ఇంకా సరిగ్గా చొక్కా గుండీలు పెట్టుకోలేడు. అక్కకి అప్పటికే పెళ్లయింది. తమ్ముణ్ణి వెంటబెట్టుకునే కాపురానికి వెళ్లింది. బావ మంచివాడు కాబట్టి సరిపోయింది. చదువు అబ్బకపోతే కర్రపనిలో పెట్టిందీ ఆవిడే, మొదటి ఉలి కొనిచ్చిందీ ఆవిడే. అలాంటి మనిషి ఇన్నేళ్లూ పాత డబ్బా చెక్కలకి మేకులు కొట్టి చేసిన అరల మధ్య వండుకుంది. ఊళ్లోవాళ్ల వంటిళ్లన్నీ అద్దంలా తీర్చిన మేస్త్రి అక్క ఇంటికి వెళ్లినప్పుడల్లా ఆ అరల వంక చూడలేక తల తిప్పుకునేవాడు. ఆవిడ ఏనాడూ నోరు తెరిచి అడగలేదు. ఒకసారి మాత్రం, "ఈ బొద్దింకలు ఏ సందులోంచి వస్తాయో గానీ, నన్ను బతకనివ్వడం లేదురా" అంది. అంతే, మేస్త్రి మర్నాడే సామాను దింపించాడు.

ఆ వంటగది మీద అతను పెట్టిన ప్రాణం ఏ గొప్పింటి మీదా పెట్టలేదు. పాత గోడ నిటారుగా లేకపోతే దాని వంపుకి తగ్గట్టు ప్రతి చెక్క అంచునీ చిత్రిక పట్టాడు. కొత్త ఫ్రిజ్ కోసం ఒక మూల గూడు కట్టాడు. ఇటూ అటూ నిలువు చెక్కలు, పైన సరుకుల అర, వెనక గోడ, కింద పట్టీ.

ఫ్రిజ్ తెచ్చిన కొట్టువాళ్ల మనిషి ఆ గూడు చూసి బుర్ర గోక్కున్నాడు. "మేస్త్రీ, పక్కలా వెనకా కాస్త చోటు వదలాలండీ. పైన కూడా మూసెయ్యకండి. దీని వేడి దీన్లోంచి బయటికి పోవాలి కదా."

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉలి పట్టినవాణ్ణి. నాకు చెప్తున్నావా?" అన్నాడు మేస్త్రి.

"నా మాట కాదండీ, దాని పద్ధతే అంత."

"నీ పెట్టె నువ్వు దింపావు, వెళ్లు. నా పెట్టె సంగతి నేను చూసుకుంటా."

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లనే మనిషికి ఎవరు చెప్పగలరు? ఆ మనిషి దండం పెట్టి వెళ్లిపోయాడు. ఇద్దరు కూలీలు తోస్తే ఫ్రిజ్ గూట్లోకి పోయి అచ్చుపోసినట్టు కూర్చుంది. అక్క ఆ చెక్క మీద చెయ్యి వేసి నిమిరింది. "నా తమ్ముడి చేతి పని" అంది బావతో, ఆయనకి తెలియని సంగతేదో చెబుతున్నట్టు. మేస్త్రికి ఆ పూట అన్నం అక్కర్లేకపోయింది.

అక్కకి చక్కెర జబ్బు ఉంది. పూటపూటకీ ఇన్సులిన్ సూది. మందుల కొట్టు చుట్టూ తిరగలేక బావ చాలినన్ని సీసాలు ఒకేసారి తెచ్చి కొత్త ఫ్రిజ్ తలుపులో వరసగా పేర్చాడు. ఎండలు అప్పుడే ముదురుతున్నాయి.

ఫ్రిజ్ గురగుర మొదలుపెట్టింది. ఏ ఫ్రిజ్ అయినా కాసేపు మోగి ఊరుకుంటుంది. ఇది ఊరుకోలేదు. పొద్దున్న లేచేసరికీ అదే మోత, మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడూ అదే మోత. "కొత్తది కదా, ఉషారు మీదుంది" అన్నాడు బావ. పాలు విరిగిపోతే పాలవాణ్ణి మార్చారు. వెన్న జారుగా ఉంటే ఎండల్ని తిట్టారు. ఫ్రిజ్ పైనున్న సరుకుల అరలో సబ్బులు మెత్తబడితే, ఆ సబ్బులే నాసిరకం అనుకున్నారు. ఆ ఇంట్లో తప్పు మోయడానికి లోకమంతా సిద్ధంగా ఉంది, ఆ గూడు తప్ప.

తర్వాత వంతు అక్కది. ఆవిడ చక్కెర పెరగసాగింది. సూది మానలేదు, తిండి మారలేదు, అయినా లెక్క పైకే పోతోంది. దాహం, నీరసం. చెప్పు ఒరుసుకుని కాలి వేలికి చిన్న పుండు పడింది. అది మానకుండా అలాగే ఉండిపోయింది. పరీక్షలు చూసిన ఆసుపత్రి నర్సు, "దొంగతనంగా తీపి తింటున్నారా అమ్మా?" అని నవ్వుతూనే అడిగింది. ఆ నవ్వులోని మాట ఇంటికొచ్చేసరికి నిజమై కూర్చుంది.

బావ పంచదార డబ్బా బీరువాలో పెట్టి తాళం వేశాడు. మేస్త్రి వచ్చి, కుర్చీ ఎదురుగా లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, నిజం చెప్పు. ఎక్కడ తింటున్నావు?"

"ఒట్టురా. నాలిక మీద కూడా వేసుకోలేదు."

"నిప్పు లేనిదే పొగ వస్తుందా?"

"నీ మీద ఒట్టు పెడుతున్నాను, ఇంకేం చెప్పను?"

"నా మీద ఒట్టు పెట్టి మరీ తింటున్నావా?" అని అతను పకపకా నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. ఆ మాట అన్నందుకు అతనికి అప్పుడేమీ అనిపించలేదు, అదీ ఘోరం. అక్క లేచి, వంటగదిలోకి వెళ్లి, అతనికి టీ పెట్టుకొచ్చింది. తన కప్పులో పాలు కూడా పోసుకోలేదు.

వేలు నల్లబడ్డాక ఆసుపత్రిలో చేర్చారు. అక్కడి సూదితో చక్కెర దిగడం మొదలైంది. అదే మందు, అంతే మోతాదు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "ఇంట్లో మందు ఎక్కడ పెడుతున్నారు?" అని అడిగింది.

"ఫ్రిజ్‌లోనేనండీ, కొత్త ఫ్రిజ్" అన్నాడు బావ.

"ఒకసారి అది చల్లబడుతోందో లేదో చూడండి. వేడి తగిలితే మందు చచ్చిపోతుంది. ఇన్నాళ్లూ ఈవిడ ఒట్టి నీళ్లు పొడుచుకున్నట్టే."

మేస్త్రి బావ దగ్గర తాళం చెవి తీసుకుని ఇంటికి వెళ్లాడు. తలుపు తీసేసరికే ఆ మోత వినిపించింది. పక్క చెక్క మీద అరచెయ్యి ఆనించి, వెంటనే వెనక్కి లాక్కున్నాడు. లోపల నీళ్ల సీసా తీసి చెంపకి ఆనించుకున్నాడు. కుళాయి నీళ్లకీ దానికీ తేడా లేదు. తలుపులో ఇంకా వాడని మందు సీసాలు బుద్ధిగా నిలబడి ఉన్నాయి. కొట్టు మనిషి చెప్పిన మాట ఇప్పుడు అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. గూడు విప్పుదామని స్క్రూలు తిప్పబోతే, తను బిగించిన బిగువుకి ఒక్కటీ కదల్లేదు. చివరికి గునపం తెచ్చి తను కట్టింది తనే పగలగొట్టాడు.

తిరిగి వెళ్లేసరికి అక్కని ఆపరేషనుకి సిద్ధం చేస్తున్నారు. రెండు వేళ్లు తీసెయ్యాలన్నారు, ఆపైన పాదం దక్కుతుందో లేదో కోసి చూస్తే గానీ చెప్పలేమన్నారు. బావ బయట కాగితాల మీద సంతకాలు పెడుతున్నాడు. తమ్ముణ్ణి చూడగానే ఆవిడ గొంతు తగ్గించింది.

"ఇంక తీపి జోలికి పోనురా. బావకి కూడా చెప్పు."

"నువ్వు తిన్లేదు కదక్కా."

"ఇంతమంది అంటున్నారుగా. తినే ఉంటాను, మతి లేక."

అతను మంచం పట్టీ పట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "తిన్లేదు. మందు పాడైపోయిందక్కా. ఫ్రిజ్‌కి గాలాడకుండా నేనే బిగించేశాను. ఆ మనిషి చెప్పినా వినలేదు. ఇదంతా నేనే చేశాను."

తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"పోనీలే, ఆ మరపెట్టె సంగతి నీకు తెలీలేదు" అంది ఆవిడ. "నా సంగతి నీకు తెలీదురా?"

ఇద్దరు ఆయాలు చక్రాల మంచం తోసుకుంటూ వచ్చి అతన్ని పక్కకి జరగమన్నారు.