సుబేదారు గారి జోడీ

సైన్యంలో సుబేదారుగా పనిచేసి రిటైరైన మా మేనమామ మొన్న ఆమదాలవలసలో కన్నుమూశారు. ఈ సమాచారం సైనిక ఆరోగ్య వివరాల కంప్యూటరు వ్యవస్థకు ఇంకా చేరలేదని తెలిసింది. దానికంటే ముందుగా పాఠకులకు మనవి చేసుకుంటున్నందుకు మన్నించాలి.

మాజీ సైనికుల ఆసుపత్రికి ఆయనను నేనే తీసుకువెళ్ళేవాణ్ణి. అక్కడి కంప్యూటరుకూ, పెద్ద సైనిక ఆసుపత్రి కంప్యూటరుకూ పరిచయం కుదరలేదు. రెండింటినీ కలిపే కార్యక్రమం మాత్రం విజయవంతంగా కొనసాగుతూ ఉండేది. తెరమీద చక్రం తిరిగేది. ఇస్త్రీ చొక్కాలతో, మెరిసే బూట్లతో మాజీ సైనికులు బల్లలమీద కూర్చుని దాన్ని గౌరవించేవారు.

మావయ్య ఆ నిరీక్షణను వృథా పోనివ్వలేదు. సైన్యంలో ప్రతి సిపాయికీ ఒక జోడీ ఉంటాడు. ఒకరి ప్రాణానికి ఇంకొకరు పూచీ. ఆ పద్ధతిని ఆయన ఆసుపత్రి బల్లలమీద పునరుద్ధరించారు. ఎవరి జబ్బులూ మందులూ వారి జోడీ కంఠతా పట్టి అప్పజెప్పాలి. తడబడినవాణ్ణి నిలబెట్టేవారు. ఇదంతా దేనికని ఒకసారి అడిగాను.

“ఒరే, యుద్ధంలో వైర్లెస్సు పోతే ఏటి సేత్తాం? పక్కోణ్ణి అడుగుతాం. ఇక్కడా అంతే,” అన్నారు.

ఆయన జోడీ నౌపడ నుంచి రైల్లో వచ్చేవాడు, నాయక్ హోదాలో రిటైరైనవాడు; అందరూ నాయక్ అనే పిలిచేవారు. మాట తక్కువ మనిషి. ఒక చలికాలం మావయ్యను ఒళ్ళెరగని జ్వరంతో అక్కడ చేర్చాం. ఏ మందు పడదో చెప్పే స్థితిలో ఆయన లేరు. నాకు తెలియదు. చక్రం తిరుగుతోంది. డాక్టరమ్మ సూది సిద్ధం చేసింది. ఆ రోజు తన మందుల కోసం వచ్చి బల్లమీద కూర్చున్న నాయక్ లేచి మంచానికి అడ్డంగా నిలబడ్డాడు.

“పెన్సిలిన్ అయితే వద్దమ్మా. మా సుబేదారుకి పడదు.”

తెరమీద అలాంటిదేమీ రాలేదని ఆమె చెప్పింది.

“రాదమ్మా. నా కాడ ఉన్నాది.”

ఆమె అతని ముఖం చూసి, సూది పక్కనపెట్టి, వేరే మందు తెప్పించింది. మావయ్య బతికారు. ఆయన ఇంటికి వచ్చి, వేసవి కూడా దాటాక, ఆ వివరం తెరమీద దర్శనమిచ్చింది. దాని రాకను మేము సాదరంగా గుర్తించాం. నాకు మాత్రం అప్పటినుంచి ఆ బల్లల ముందు నిలబడితే, గర్భగుడి ముందు నిలబడినట్టు గొంతు తగ్గిపోయేది.

మొన్న దింపుడుకళ్ళం దగ్గర పాడె దించి, ఆచారం ప్రకారం ఆయన చెవిలో ముమ్మారు పిలిచాను. నాయక్ నా భుజంమీద చెయ్యి వేశాడు.

“ఎడం సెవి ఇనపడదు బాబూ. ఫిరంగి మోతకి పోయింది.”

ఆ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

అతను కుడివైపుకు వెళ్ళి, మోకాళ్ళమీద కూర్చుని, “సుబేదార్ సాబ్,” అని పిలిచాడు. పిలిచి, జవాబు కోసం అలాగే వంగి ఉండిపోయాడు. పాడె ఎత్తబోయినవాళ్ళు చేతులు వెనక్కి తీసుకుని ఆగారు.