కంచె దగ్గర రెండో మాట

పోయిన శనివారం మా అమ్మాయి ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు నాకొక మిడతపచ్చ రంగు కోటు తొడిగి, గ్రౌండు చుట్టూ తిరుగుతూ ఉండమన్నారు. ఆట చూడ్డానికి వచ్చిన తల్లిదండ్రులు నోరు జారకుండా, అంపైరు మీదికి వెళ్లకుండా కనిపెట్టి ఉండటం ఆ కోటు వేసుకున్నవాళ్ల పని. వంతులవారీగా అందరికీ వస్తుంది. నాలాంటి నోటిదురుసు మనిషికి ఆ పని అప్పగించడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే. ఆ సంగతి మా అమ్మాయికి తెలుసు. బూట్ల లేసులు కట్టుకుంటూ, "మమ్, జస్ట్ స్టాండ్ దేర్, ఓకే? ప్లీజ్ డోంట్ ఆర్గ్యూ విత్ ఎనీవన్" అని మరీ మరీ చెప్పింది. మెల్‌బోర్న్ శివార్లలో మా క్రాన్‌బర్న్ చలిలో కాఫీ కప్పు పట్టుకుని, చేసేదేమీ లేక, కంచెకి కట్టిన బోర్డు చదివాను. ఆటగాళ్లని ఏయే విషయాల మీద తిట్టకూడదో అందులో రాశారు. ఒంటిరంగు, దేశం, మతం, ఆడా మగా, ఇలా పెద్ద వరసే ఉంది. అంతా చదివి, మనవాళ్లు తిట్టుకునేది ఒకటి ఇందులో లేదే అనుకున్నాను. అలా అనుకోవడంతోనే మా చిన్నమావయ్యగారు గుర్తొచ్చారు. ఆ పూట అమ్మాయి ఎలా ఆడిందో నేను చూడనే లేదు.

చిన్నమావయ్యగారంటే మా ఆయనకి స్వయానా బాబాయి. నేను మెల్‌బోర్న్ వచ్చేనాటికే ఆయన ఇక్కడ స్థిరపడి పాతికేళ్లు దాటింది. యూనివర్సిటీలో లెక్కలు చెప్పేవారు. గోదావరి జిల్లా మనిషి, ఆ మర్యాద ఎక్కడికి పోతుంది! ఉత్తరాలు తెచ్చే కుర్రాడి దగ్గర్నుంచి పక్కింటి కుక్క దాకా అందరినీ 'అండి' అనే రకం. కుక్క దారికి అడ్డంగా పడుకుంటే "కాస్త జరుగుతారాండీ" అని అచ్చ తెలుగులో అడగడం నేను చెవులారా విన్నాను. అది జరిగేది కూడాను. నోట్లో నాలుక లేని మనిషని మా అత్తవారి వైపు అందరూ చెప్పుకునేవారు. మాది కులాంతర వివాహం. మా అత్తమామలు పెళ్లికి రాలేదు సరికదా, మా పేరెత్తితే భోజనం దగ్గర్నుంచి లేచి వెళ్లిపోయేవారట. అలాంటి రోజుల్లో ఈయన ఇక్కణ్ణుంచి ఫోను మీద ఫోను చేసి వాళ్లతో పోట్లాడారు. రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ మొండికేస్తాయని లోకమంతా బెంబేలు పడుతున్న కాలం. పాత ప్రోగ్రాములు చదవగలిగినవాడు దొరికితే చాలు, ఏ దేశం నుంచైనా పిలిపించుకునేవారు. మా ఆయనకి అలాగే ఇక్కడొక బ్యాంకులో ఉద్యోగం దొరికింది. ఎయిర్‌పోర్టులో నా చేతిలో పెట్టె అందుకుంటూ చిన్నమావయ్యగారు అన్న మొదటి మాట, "కులం గిలం మా ఇంట్లో ఉండవమ్మా. సముద్రం దాటినప్పుడే నీళ్లలో పారేశాను." నేనక్కడే నిలబడి ఏడ్చేశాను. ఫోన్లో చెబితే మా అమ్మా ఏడ్చింది.

ఇక ఆయన శనివారాల సంగతి చెప్పాలి. యూనివర్సిటీ పక్కన రోడ్డుకి అటొకటి ఇటొకటి రెండు పాత కాలేజీలు ఉండేవి. కాలేజీ అంటే పాఠాలు చెప్పే చోటు కాదు, పిల్లలు ఉండి చదువుకునే హాస్టలు, కాకపోతే రాతి మేడా పెద్ద గంటా ఉన్న హాస్టలు. ఆ రెంటి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేది. కుర్రతనంలో చిన్నమావయ్యగారు ఇటువైపు కాలేజీలో ఉండి పరిశోధన చేశారు. అప్పట్లో గది అద్దెకి అడిగితే ఆయన ముఖం చూసి తలుపు వేసేవారట. ఆ కాలేజీ తలుపు తీసింది, అన్నం పెట్టింది, ఎర్రచారల మఫ్లరొకటి మెడలో వేసింది. ఈ దేశంలో నన్ను మొదట మనిషిగా చూసింది వాళ్లేనని అనేవారు. ఆ మఫ్లరు లేకుండా ఆయన ఏ శనివారమూ గడప దాటలేదు.

నన్ను మొదటిసారి ఆటకి తీసుకెళ్లిన రోజు తలుచుకుంటే ఇప్పటికీ నోరు తెరుచుకునే ఉంటుంది. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కోడిగుడ్డు ఆకారం బంతి. చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నొచ్చు, అవసరమైతే ఎదుటివాడి వీపెక్కి దూకొచ్చు. దీన్ని ఆట అంటారా, కొట్లాట అంటారా అని నేను ఆలోచిస్తుండగానే, అవతలి కాలేజీ లా విద్యార్థులు ఒక వరసలో నిలబడి, మా వైపు వెనక్కి తిరిగి, ఒక్కసారిగా ప్యాంట్లు దించేశారు. అమ్మ బాబోయ్! పెళ్లయి నిండా ఏడాది కాలేదు నాకు. కళ్లు మూసుకుందామన్నా కొయ్యబారిపోయి మూసుకోలేకపోయాను. చిన్నత్తయ్యగారు మాత్రం ఫ్లాస్కు మూత తీస్తూ, "అలా చూడకమ్మా, మరీ రెచ్చిపోతారు. టీ తాగు" అన్నారు. ఆ వరసలో ఒకరిద్దరు తర్వాత జడ్జీలయ్యారని విన్నాను. ఆ సంబరం అయ్యాక ఇటు తిరిగితే, కంచె పట్టుకుని, మెడనరాలు ఉబ్బించి, "ఒరే గుడ్డి వెధవా, కళ్లు ఇంట్లో పెట్టొచ్చావా" అని అంపైరుని కేకలేస్తున్న మనిషొకడు కనిపించాడు. ఎవరీ తెలుగు రౌడీ అనుకున్నాను. మా చిన్నమావయ్యగారు! ఇంటికొస్తూ కారులో మళ్లీ మామూలు మనిషైపోయి, కాస్త సిగ్గుపడుతూ చెప్పారు. "ఇంగ్లీషులో తిడితే గ్రౌండులోంచి పంపేస్తారమ్మా. తెలుగులో అయితే మన కోపమూ తీరుతుంది, ఎవరికీ బాధా ఉండదు."

ఆ మరుసటి ఏడు మా తమ్ముడు మాస్టర్స్ చదవడానికి వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు. ఊళ్లో వాలీబాల్ ఆడేవాడు. చిన్నమావయ్యగారింట్లో బార్బీ, అదే, ఆరుబయట కాల్చుకు తినే విందు జరుగుతుంటే, పెరట్లో పిల్లలు తన్నిన బంతి బట్టలారేసే తీగల మీదుగా పక్కింట్లోకి పోతోంది. వీడు ఒక చేతిలో మొక్కజొన్న పొత్తు వదలకుండానే ఎగిరి రెండో చేత్తో దాన్ని దింపాడు. చిన్నమావయ్యగారి చేతిలో పళ్లెం వంగిపోయి పెరుగుపచ్చడంతా గడ్డి పాలైంది. "ఏమండీ తమ్ముడుగారూ, ఇంత విద్య ఎక్కడ దాచారండీ ఇన్నాళ్లూ?" ఆ వేసవంతా సాయంత్రం పూట వాణ్ణి పార్కుకి తీసుకెళ్లి, బంతి తన్నడం, పట్టడం, పడితే లేవడం దగ్గరుండి నేర్పించారు. కొడుకుల్లేరు ఆయనకి. తన కాలేజీ జట్టులో వాడికి చోటు దొరికిన రోజు వీధి వీధంతా లడ్డూలు పంచారు.

చోటు దొరికింది గానీ గది దొరకలేదు. వాడు మా ఇరుకు ఫ్లాట్‌లో హాల్లో పడుకునేవాడు, పెట్రోలు బంకులో పనిచేసి అట్నుంచటే క్లాసుకి పోయేవాడు, ట్రైనులో నిలబడి నిద్రపోయేవాడు. ఇది కనిపెట్టిన అవతలి కాలేజీ కెప్టెను ఒక ఆదివారం మా ఇంటికే వచ్చాడు. చాప మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, మా ఉల్లిపాయ పకోడీలన్నీ ఊదేసి, అసలు సంగతి చెప్పాడు. మా వైపు ఆడితే గది ఇస్తాం, మూడు పూటలా తిండి పెడతాం, జట్టులో ఉన్నంతకాలం అది నీదే. మనవైపు ఎమ్మెల్యేలని లాక్కోవడం ఎరుగుదును గానీ, బంతాట కుర్రాణ్ణి కూడా ఇలా ఇంటికొచ్చి లాక్కుపోతారని నాకేం తెలుసు! తమ్ముడు వెంటనే ఒప్పుకోలేదు. ముందు తన కాలేజీకెళ్లి అడిగాడు. వచ్చే ఏడు చూద్దామన్నారు. అప్పుడు గోడ దూకాడు. దూకేముందు చిన్నమావయ్యగారింటికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆయన, "మంచిదండీ" అన్నారట, అంతే. ఆ పూట ఆయన అన్నం ముట్టలేదని చిన్నత్తయ్యగారు చెప్పారు.

రెండు కాలేజీలూ తలపడిన రోజున మా ఆయన బ్యాంకులోనే ఉన్నారు. ఆ ఏడాదంతా శనాదివారాలు వాళ్లకి కంప్యూటర్ల సేవే. చిన్నత్తయ్యగారు జలుబని రాలేదు. చిన్నమావయ్యగారి పక్కన కంచె దగ్గర నేనొక్కదాన్నే నిలబడ్డాను. తమ్ముడు అవతలి కాలేజీ నీలిచొక్కాలో కనబడగానే ఇటువైపు కుర్రాళ్లు "దొంగ, దొంగ" అని పాట కట్టారు, టమాటా సాస్ ప్యాకెట్లు విసిరారు. వాడు నవ్వి తుడుచుకున్నాడు. ఆట మూడో భాగంలో ఇటువైపు కెప్టెను వీపు మీంచి లేచి, సరిగ్గా మా ఎదుట బంతి పట్టాడు. చిన్నమావయ్యగారు గొంతు చించుకుని, "తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడా!" అని అరిచారు. తమ్ముడికి అదీ నవ్వులాటే అనిపించిందేమో, మా వైపు చెయ్యూపాడు. అప్పుడు రెండో మాట వచ్చింది.

అది ఇక్కడ రాయను. మా పేట పేరు, మా తాత చేసిన పని, మా పుట్టుక, మూడూ ఒకే వాక్యంలో ఇరికించిన తిట్టది. చిన్నప్పుడు బడికెళ్లే దారిలో విన్నాను, ఊరు దాటాక మళ్లీ వినలేదు. ముందు నమ్మలేదు, ఇంకెవరో అన్నారనుకుని వెనక్కి తిరిగి చూశాను కూడా. తెలుగు వచ్చినవాళ్లు అక్కడ ఇంకెవరున్నారు? తమ్ముడి చేతిలోంచి బంతి జారింది. పరిగెత్తలేదు వాడు, నడిచి వచ్చాడు. కంచె దాటి, ఆ ఎర్రచారల మఫ్లరు గుప్పిట పట్టి ఆయన్ని పైకి లేపాడు. కళ్లజోడు ఎగిరి బురదలో పడింది. ఐదారుగురు వచ్చి విడదీశారు. నేను అరవలేదు, ఆపలేదు, బొమ్మలా నిలబడిపోయాను.

పెద్దాయన మీద చెయ్యి చేసుకున్నాడని తమ్ముడి మీద విచారణ పెట్టారు. తగిన కారణం లేదని తేలితే జట్టులోంచి తీసేస్తారు, దాంతోపాటే గదీ పోతుంది. ఆయన తెలుగులో ఏమన్నారో చెప్పడానికి నన్ను పిలిచారు. ఆ ఉదయం తమ్ముడు నా చెయ్యి పట్టుకున్నాడు. "చెప్పొద్దక్కా. ఇక్కడికొచ్చాక ఆ కుర్రాళ్లలో ఒక్కడూ మీరేమిట్లు, మీదే కులం అని నన్నడగలేదు. పుట్టాక ఇదే మొదటిసారి. గది పోతే పోనీ." నాకు ఒళ్లు మండిపోయింది. తప్పు చేసినవాళ్లు మఫ్లరేసుకుని తిరుగుతుంటే, దాచుకోవాల్సింది మనమా అని కేకలేశాను. వాడు మళ్లీ అదే మాటన్నాడు. సరేనన్నాను.

విచారణ ఒక భోజనాల గదిలో. బల్లకి అటువైపు ముగ్గురు, మధ్యలో తెల్లజుట్టు పెద్దావిడ. శాండ్‌విచ్‌ల పళ్లెమొకటి ఎవరూ ముట్టకుండా ఉంది. నేను మొదటి మాట చెప్పాను, అన్నం పెట్టిన ఇంటి పైకప్పు దూలాలు లెక్కపెట్టేవాడా అన్నారని. ముగ్గురూ ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వీళ్లకెలా విప్పి చెప్పనురా దేవుడా అనుకున్నాను. ఇంతేనా అని ఆవిడ అడిగింది. ఇంకొకటి ఉంది, అది చెప్పాలో వద్దో మా తమ్ముడిష్టం అన్నాను. తమ్ముడు, ఏమీ లేదు, ఇంటి విషయం అన్నాడు. ఆవిడ కళ్లజోడు తీసి నెమ్మదిగా అడిగింది. జాతి మీద తిడితే ఇప్పుడు మాకు నియమం ఉంది బాబూ, కానీ మీ ఇద్దరిదీ ఒకే ఊరివైపు, ఒకే భాష. మీరంతా ఒకే మనుషులు కదా?

తమ్ముడు చిన్నమావయ్యగారి కళ్లలోకి సూటిగా చూశాడు. "యెస్. సేమ్ పీపుల్" అన్నాడు.

అంతవరకూ నిటారుగా కూర్చున్న మనిషి కుర్చీలో కుంగిపోయారు. తర్వాత లేచి, పాఠం చెప్పే ఇంగ్లీషులో, ఒక్కో మాటా విడివిడిగా అన్నారు. "మేమంతా ఒకటేనని ఇతను అంటున్నాడు. కాదని నేను అరిచాను. రెండో మాట అదే. నన్ను పంపించండి, ఇతన్ని ఉంచండి."

ఆ ముగ్గురికీ ఎంత అర్థమైందో నాకు తెలీదు. తమ్ముణ్ణి మందలించి వదిలేశారు, గది నిలిచింది. ఆ ఏడాదికి చిన్నమావయ్యగారిని గ్రౌండుకి రావద్దన్నారు. మెట్ల మీద ఆయన మఫ్లరు చేతిలో నలుపుతూ నిలబడ్డారు. తమ్ముడు "వెళ్లొస్తానండీ" అని దిగిపోయాడు. క్షమించమన్న మాట ఆ రోజూ రాలేదు, ఆ తర్వాతా రాలేదు. నేను ఏళ్ల తరబడి ఎదురుచూశాను. ఆయనింట్లో భోంచేశాం, పండగలు చేసుకున్నాం, వాడూ ఆయనా గంటల కొద్దీ ఫుట్‌బాల్ మాట్లాడుకున్నారు. వడ్డిస్తున్నప్పుడల్లా నాకు గరిటె విసిరికొట్టాలనిపించేది. పాతికేళ్లు ఈ దేశంలో ఉండి, తలుపులు వేయించుకుని, మా పెళ్లి కోసం అన్నతో పోట్లాడిన మనిషికి, ఒక్క బంతి దగ్గర ఆ మాట వెతుక్కోకుండానే ఎలా దొరికిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

రెండేళ్ల క్రితం ఆయన పోయారు. తమ్ముడు సిడ్నీలో స్కోఫీల్డ్స్ నుంచి మొదటి విమానానికే వచ్చాడు, శవపేటికకి భుజం పట్టాడు. అందరూ వెళ్లాక చిన్నత్తయ్యగారు వాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని అడిగారు. "ఆ రోజు ఆయన నిన్ను ఏమన్నారు నాయనా? ఎన్నిసార్లడిగినా నాకు చెప్పలేదు." వాడు ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకుని, "వాసాలు లెక్కపెట్టేవాడా అన్నారు, అంతే అత్తయ్యగారూ" అన్నాడు. మా ఆయనకీ నేనింతే చెప్పాను. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు. మా ఇంట్లో అది చేసిందల్లా ముగ్గురికి తెలిసిన మాటని ఇద్దరికి తెలిసిన మాటగా మార్చడం. మిగిలింది మేమిద్దరం పోతేగానీ పోదు.